ముందు తూము, తర్వాత మోటారు



వానాకాలం వచ్చిందంటే నాంపల్లి, అబిడ్స్ చుట్టుపక్కల కార్ల షాపుల్లో ఒక మాట తరచుగా వినబడుతుంది. "మోటర్ పోయింది సార్, కొత్తది తెప్పియ్యాలె." అద్దం ఎక్కట్లేదన్నా అదే మాట. వైపర్ తిరగట్లేదన్నా అదే మాట. ఇక టాప్ మడిచి వెనక్కి వేసుకునే కారు అయితే మెకానిక్ గొంతు కాస్త తగ్గుతుంది. ఆ మోటారు ఇక్కడ షాపుల్లో దొరకదు. ఎక్కడో విదేశం నుంచి రావాలి. దాని ధర వింటే మోటారు కొనాలా, కారే అమ్మెయ్యాలా అని ఆలోచనలో పడతాం.

ఈ పూట నేను చెప్పబోయేది ఒక్కటే. లోపలికి నీళ్లు చేరిన మోటారు చాలాసార్లు కాలిపోదు, బిగుసుకుపోతుంది. బిగుసుకున్నదాన్ని విప్పి, ఆరబెట్టి, తుప్పు తీస్తే మళ్లీ తిరుగుతుంది. స్క్రూడ్రైవరు పట్టడం వచ్చినవాళ్లు ఇంట్లోనే చేసుకోవచ్చు. అయితే అంతకన్నా ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. నీళ్లు అక్కడిదాకా ఎందుకొచ్చాయో చూడాలి. ముందు తూము, తర్వాత మోటారు. ఈ మాట ఇవాళ రెండు మూడుసార్లు చెబుతాను. విసుక్కోకండి.

టాప్ మడిచే కారును కన్వర్టిబుల్ అంటారు. చలికాలం సాయంత్రాల్లో ట్యాంక్‌బండ్ వైపు అడపాదడపా కనబడుతుంది. బటన్ నొక్కితే గుడ్డ టాప్ లేచి, మడతపడి, సీట్ల వెనక గూట్లోకి ఒదిగిపోతుంది. ఒకప్పుడు ఇద్దరు మనుషులు చెరోవైపు పట్టుకుని మడిచేవారు. 1939లో అమెరికాలో ప్లిమత్ కంపెనీ ఆ పనిని యంత్రానికి అప్పగించింది. ఇంజన్ పీల్చే గాలి బలంతోనే టాప్ లేచేది. ఇప్పుడు చాలా కార్లలో ఆ పని చేసేది నూనె. డిక్కీలోనో, సీట్ల వెనకో ఒక చిన్న పంపు ఉంటుంది. దానికి అతికించి ఒక మోటారు. మోటారు ఒకవైపు తిరిగితే నూనె ఒక దారిన పోయి టాప్‌ను ఎత్తుతుంది. రెండోవైపు తిరిగితే దించుతుంది. అంతే విద్య.

"అలాంటి కారు మా వీధిలోనే లేదు, ఈ గోల మాకెందుకు" అనకండి. మీ మామూలు కారు తలుపులో అద్దం దించే మోటారు కూడా దీని తమ్ముడే. రెండూ 12 వోల్టుల డీసీ మోటార్లు. లోపల అదే అయస్కాంతం, అదే రాగి తీగ, అవే కార్బన్ బ్రష్‌లు. లోపలికి నీళ్లు పోతే రెంటికీ వచ్చేది ఒకటే జబ్బు.

సరే, టాప్ మోటారులోకి నీళ్లెలా వస్తాయి? టాప్ గుడ్డ మీద పడ్డ వాన నీరు వెనక అంచు దగ్గర ఒక కాలవలోకి జారుతుంది. అక్కణ్నించి రెండు పక్కలా రబ్బరు గొట్టాల్లోంచి చక్రాల వెనకగా రోడ్డు మీదికి పోతుంది. పోవాలి. మన ఇళ్ల డాబాలు గుర్తు తెచ్చుకోండి. డాబా మూల తూముకి వేపాకులు అడ్డం పడ్డాయనుకోండి. ఒక్క రాత్రి వానకే డాబా చెరువవుతుంది. పొద్దున లేచేసరికి కింద గది సీలింగులో చెమ్మ. అప్పుడు సీలింగుకి సున్నం కొడతామా? చీపురు పట్టుకుని డాబా ఎక్కుతాం. కారులోనూ జరిగేది అదే. గొట్టం మూతి దగ్గర ఆకు, దుమ్ము కలిసి బురద ముద్ద కడుతుంది. నీళ్లు వెనక్కి తంతాయి. గూడు నిండుతుంది. ఆ గూటి అడుగున మోటారు ఉందా, ఇక దానికి రోజూ గంగాస్నానమే.

బీఎమ్‌డబ్ల్యూ వాళ్ల తొలి తరం జెడ్-4 అని ఒక కారు ఉంది. 2002 నుంచి 2008 దాకా తయారైంది. అందులో ఈ మోటారు సరిగ్గా అలాంటి గూట్లోనే, అడుగున కూర్చుని ఉంటుంది. చప్పుడు వినబడకుండా దాని చుట్టూ స్పాంజి కూడా చుట్టి ఉంటుంది. స్పాంజి సంగతి మీకు తెలుసు. ఒకసారి తడిస్తే వారమైనా ఆరదు. ఆ కారున్నవాళ్లకి ప్రపంచమంతటా ఇదే తలనొప్పి. కొందరు విసుగెత్తి మోటారును ఆ గూట్లోంచి పెకలించి డిక్కీలో మెట్ట చోట బిగించుకున్నారు. ఇంజనీరు కాగితం మీద గీసిన గీతను సొంతదారు స్పానరుతో దిద్దుకున్నాడన్నమాట. నన్నడిగితే తప్పు సొంతదారులది కాదు. నీళ్లు చేరే చోట కరెంటు వస్తువును పెట్టడమే అసలు తప్పు.

మన ఊళ్లో దీనికి తోడు చెట్లు. నాంపల్లిలో పబ్లిక్ గార్డెన్స్ గోడ పక్కన నీడ చూసి బండి ఆపుతాం. ఎండాకాలంలో అంతకన్నా మంచి చోటు లేదు. కానీ వేపాకు రాలుతుంది. తురాయి రేకులు రాలతాయి. అన్నిటికన్నా మొండిది చింతాకు. ఎంత సన్నని జాలీ పెట్టినా దాన్ని దాటి లోపలికి పోతుంది. పోయి గొట్టంలో మెత్తటి బెండులాగా తయారవుతుంది. ఎండాకాలమంతా ఇలా పేరుకుంటుంది. జూన్‌లో మొదటి వాన పడగానే బయటపడుతుంది.

ఇక హైదరాబాద్ వానల సంగతి చెప్పేదేముంది. 1908 సెప్టెంబరు 28 మూసీ వరద తాతల నోట విన్నాం. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. 2020 అక్టోబరులో పడ్డ వానకు సెల్లార్లలో కార్లు పడవల్లా తేలాయి. అలా మొత్తంగా మునిగిన కారు కథ వేరు. దానికి నా మాట వినొద్దు. తాళం చెవి తిప్పకుండా, ఇన్సూరెన్సు వాళ్లకి ఫోన్ చేసి, లాగుడు బండి మీద పంపండి. నేను చెప్పేది ఇంజను బాగానే ఉండి, టాప్ మోటారొక్కటే తడిసిన కారు గురించి.

ఇప్పుడు పరీక్ష. చెవితో చేసే పరీక్ష. కారు ఆన్ చేసి, పక్కన ఎవరూ మాట్లాడకుండా, టాప్ బటన్ ఒక్కసారి నొక్కండి. వినండి.

ఏ చప్పుడూ లేదా? మోటారును అనుమానించకండి. ఫ్యూజు చూడండి. డిక్కీ సరిగా పడిందో లేదో చూడండి. చాలా కార్లలో డిక్కీ లోపల ఒక తెర ఉంటుంది. అది దాని చోటులో లేకపోతే టాప్ కదలనే కదలదు. సామాను పెట్టేటప్పుడు ఆ తెర తీసి మర్చిపోయి, మోటారు పోయిందని షాపుకి వచ్చేవాళ్లున్నారు.

'టిక్' మని చిన్న చప్పుడు వచ్చి ఆగిపోయిందా? అది రిలే, అంటే కరెంటు కలిపే స్విచ్చు. కరెంటు ఆజ్ఞ వెళ్లింది, మోటారు కదల్లేదు. ఇదీ మన కేసు.

మోటారు గుర్రుమంటోంది, టాప్ మాత్రం కదలట్లేదా? అప్పుడు నూనె తగ్గింది, లేదా ఎక్కడో కొక్కెం పట్టుకుంది. మోటారు జోలికి పోవద్దు.

ఒక్క విషయం గట్టిగా చెబుతున్నాను. 'టిక్' మని ఆగిందంటే మళ్లీ మళ్లీ నొక్కకండి. ఎందుకో చెబుతాను. తిరిగే మోటారు కొలత ప్రకారం కరెంటు తీసుకుంటుంది. బిగుసుకున్న మోటారు దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. అది కదలికగా మారదు, వేడిగా మారుతుంది. అందుకే ఫ్యూజు కొట్టేస్తుంది. ఫ్యూజు కొట్టెయ్యడం దాని ఉద్యోగం. అక్కడ పెద్ద ఆంపియర్ ఫ్యూజు పెట్టే మహానుభావులుంటారు. ఇక అప్పుడు నిజంగానే తీగ కాలుతుంది. నీళ్లు పాడుచేసిన మోటార్లకన్నా పెద్ద ఫ్యూజు కాల్చిన మోటార్లే వైండింగ్ షాపుకి ఎక్కువ వస్తాయని నా అభిప్రాయం.

ఇప్పుడు చేతులు పెడదాం. ముందు తూము, తర్వాత మోటారు. ఆకులు చేత్తో తీసెయ్యండి. గొట్టంలోకి ఇనుప తీగ పొడవకండి. రబ్బరు చిరుగుతుంది. కిటికీ కర్టెన్లకు వేసే ప్లాస్టిక్ తొడుగు స్ప్రింగు ఉంటుంది చూడండి, అది బాగా పనికొస్తుంది. మెత్తగా వంగుతుంది, మలుపులు తిరుగుతుంది. దాని కొస కొక్కెం విప్పేసి, మెల్లగా తిప్పుతూ లోపలికి పంపండి. గాలి కంప్రెసర్ పెట్టి ఊదకండి. లోపల గొట్టం కీలు ఊడితే నీళ్లు రోడ్డు మీదికి కాదు, కార్పెట్ కిందికి పోతాయి. స్ప్రింగు పోయి వచ్చాక ఒక గ్లాసు నీళ్లు పోసి, కింద చక్రం దగ్గర నేల చూడండి. ధారగా పడితే తూము తెరుచుకున్నట్టు.

తర్వాత మోటారు. మొదట బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీయండి. టాప్ సగం లేచి ఆగి ఉంటే దాని కింద కర్ర ఆసరా పెట్టండి. నూనె ఒత్తిడి పోతే అది ఒక్కసారిగా పడుతుంది. వేళ్లు మధ్యలో ఉంటే ఇక చెప్పక్కర్లేదు. మీది హైబ్రిడ్ బండి అయితే నారింజ రంగు తీగల దగ్గరికి అసలు పోవద్దు. అది మనింటి కరెంటు కన్నా ప్రమాదం.

మోటారు, పంపు ఒకదానికొకటి స్క్రూలతో బిగించి ఉంటాయి. మనకి కావలసింది మోటారు వైపు మాత్రమే. పంపును విప్పకండి. విప్పే ముందు ఒక పని చెయ్యండి. మోటారు డబ్బా మీద, దాని మూత మీద కలిపి మార్కరుతో ఒక గీత గీయండి. ఈ గీత లేకుండా విప్పితే తర్వాత డబ్బా అటూ ఇటూ తిరిగి అమరొచ్చు. రెండు అయస్కాంతాల మోటారయితే అప్పుడు మోటారు ఉల్టా తిరుగుతుంది. ఎత్తమంటే దించుతుంది.

డబ్బా లాగండి. గట్టిగా పట్టుకుంటుంది. అయస్కాంతం లాగుడు ఒకటి, తుప్పు ఒకటి. బయటికి వచ్చినప్పుడు కంగారు పడకండి. చూడ్డానికి భయంగానే ఉంటుంది. నడిమి దిమ్మె, అంటే ఆర్మేచర్, పసుపు కుంకుమ కలిపి రాసినట్టుంటుంది. రాగి ముక్కల చక్రం, అంటే కమ్యుటేటర్, పచ్చగా చిలుం పట్టి ఉంటుంది. కిందనుంచి ఎర్రటి నీళ్లు కారతాయి. ఇదంతా చూసి "అయిపోయింది" అనుకుంటాం. కాలేదు. దిమ్మెకీ అయస్కాంతానికీ మధ్య సందు చాలా సన్నం. ఇనుముకు తుప్పు పడితే అది ఉన్నదానికన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ సందు నిండిపోయింది. అందుకే బిగిసింది.

వాసన చూడండి. కాలిన లక్క వాసన వస్తే తీగ పోయింది. అప్పుడు వైండింగ్ షాపే దిక్కు. మట్టి వాసన, తుప్పు వాసన మాత్రమే వస్తే పని ముందుకు పోనివ్వండి.

తుప్పును 600 నంబరు గరుకు కాగితంతో మెల్లగా రుద్దండి. రాగి తీగకు తగలనివ్వకండి. రాగి చక్రానికి అంతకన్నా సన్నని గరుకు కాగితం. ఎమరీ గుడ్డ వాడొద్దు. దాని పొడికి కరెంటు పాకే గుణం ఉంది, రాగి ముక్కల సందుల్లో ఇరుక్కుంటుంది. ఆ సందుల్ని పుల్లతో శుభ్రం చెయ్యండి. అయస్కాంతానికి అంటుకున్న తుప్పు పొడి తుడిస్తే పోదు. సెల్లోటేపు అంటించి లాగండి. ఎలా వస్తుందో మీరే చూస్తారు. ఆ తర్వాత కాంటాక్ట్ క్లీనరుతో గానీ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గానీ కడగండి. పెట్రోలు వద్దు, కిరసనాయిలు వద్దు. తీగ మీది వార్నిష్ మెత్తబడొచ్చు, పక్కన నిప్పురవ్వ ఉంటే ఇల్లు కూడా పోతుంది.

ఇక ఆరబెట్టడం. మన ఎండల వేడి చాలు. డాబా మీద నీడపట్టున వేడి గాలి తగిలేట్టు రెండు మూడు రోజులు వదిలెయ్యండి. వాన ముసురైతే జుట్టు ఆరబెట్టే డ్రయ్యరు వాడొచ్చు. పొయ్యి మీద మాత్రం పెట్టకండి. తొందరపడి సగం తడిగా బిగించిన మోటారు నెల తిరగకుండా మళ్లీ మీ చేతికొస్తుంది.

ఆరాక మల్టీమీటరు తీసి, కూత పెట్టే సెట్టింగులో ఉంచండి. ఒక పుల్ల రాగి చక్రం మీద, ఇంకో పుల్ల నడిమి ఇరుసు మీద పెట్టండి. కూత రాకూడదు. వస్తే కరెంటు ఒంటికి కలిసిందన్నమాట. తర్వాత పక్కపక్క రాగి ముక్కల మధ్య రెసిస్టెన్సు కొలవండి. చుట్టూ ఒకే లెక్క రావాలి. ఒకచోట తేడా వచ్చిందంటే అక్కడ తీగలో లోపం ఉంది. ఇది రెండు నిమిషాల పని. ఇది చెయ్యకుండా బిగిస్తే మాత్రం చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే.

బ్రష్‌ల సంగతి కాస్త నిదానంగా చెప్పాలి. కార్బన్ బ్రష్ తన గూట్లో వేలితో నొక్కితే లోపలికి పోయి, వదిలితే తిరిగి రావాలి. నీళ్లకి గూడు తుప్పు పట్టి బ్రష్ ఇరుక్కుంటుంది. ఇరుక్కుంటే చక్రానికి తగలదు. తగలకపోతే మోటారు ఎంత బాగున్నా తిరగదు. గూడు శుభ్రం చేసినా సరే, బ్రష్ అరిగిపోయిందనిపిస్తే కొత్తది కొనండి. ట్రూప్ బజార్‌లో అడిగితే మిక్సీ బ్రష్ చేతిలో పెడతారు. సైజు సరిపోయినట్టే ఉంటుంది. తీసుకోకండి. మిక్సీ బ్రష్ 230 వోల్టుల సరుకు. 12 వోల్టుల మోటారుకు రాగి కలిసిన బ్రష్ కావాలి. పుత్లీబౌలి కార్ల స్పేర్ పార్టుల షాపుల్లో స్టార్టర్ మోటారు బ్రష్ అని అడగండి. కొంచెం పెద్దది తీసుకుని గరుకు కాగితం మీద రుద్ది సైజుకు తెచ్చుకోవచ్చు. బేరింగు కావాలంటే రాణీగంజ్. దాని మీద చెక్కిన నంబరు చూపిస్తే చాలు. రిలే, కనెక్టర్లు, కాంటాక్ట్ క్లీనరు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. నాంపల్లి నుంచి కోఠికి పార్కింగు బాధ పడేకన్నా నడిచిపోవడమే నయం.

బిగించేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. బ్రష్‌లు స్ప్రింగు బలంతో ముందుకు తోసుకొస్తాయి. చక్రాన్ని లోపలికి పోనివ్వవు. బలవంతం చేస్తే బ్రష్ మూల విరుగుతుంది. రెండు పేపర్ క్లిప్పులు తిన్నగా చేసి, బ్రష్‌లను వెనక్కి ఆపి, దిమ్మె లోపలికి జారాక క్లిప్పులు లాగేయండి. గీతకు గీత కలిపి డబ్బా వెయ్యండి. బేరింగుకు కొద్దిగా గ్రీజు. రాగి చక్రానికి మాత్రం గ్రీజు చుక్క కూడా తగలకూడదు.

కారులో పెట్టకముందే బయట తిప్పి చూడండి. బ్యాటరీ నుంచి ఫ్యూజు ఉన్న తీగతో ఒక్క క్షణం కరెంటు ఇవ్వండి. మోటారును కాలి కిందో, వైసులోనో పట్టుకోండి. అది ఎగురుతుంది. తీగలు మార్చి రెండోవైపూ తిప్పండి. సాఫీగా, ఒకే స్వరంతో మోగాలి. గరగరమంటే మళ్లీ విప్పాల్సిందే.

తీగ లోపలికి పోయే చోట, డబ్బా అతుకు దగ్గర సిలికాన్ పూయండి. అయితే డబ్బా అడుగున చిన్న రంధ్రం ఉందేమో చూడండి. ఉంటే దాన్ని మూయకండి. లోపల పట్టిన చెమ్మ బయటికి పోవడానికే దాన్ని పెట్టారు. ఆ పాత తడి స్పాంజి మళ్లీ చుట్టకండి. పారేసి కొత్తది వెయ్యండి.

మామూలు కార్లవాళ్లకి రెండు మాటలు. తలుపు అద్దం పైకెక్కేటప్పుడు మూలుగుతోందా? తలుపు కింద అంచులో, లోపలి వైపు చిన్న చిన్న రంధ్రాలుంటాయి. వాన నీరు అద్దం పక్కనుంచి తలుపులోకి ఎప్పుడూ పోతూనే ఉంటుంది. ఆ రంధ్రాల్లోంచే బయటికి రావాలి. మట్టితో మూసుకుపోతే తలుపు నీళ్ల కుండ అవుతుంది. బండి కదిలినప్పుడు తలుపులో నీళ్లు ఊగిన చప్పుడు వస్తే ఇక అనుమానమే లేదు. అగ్గిపుల్లతో పొడిస్తే చాలు. సన్‌రూఫ్ ఉన్నవాళ్లకీ మూలల్లో ఇలాంటి గొట్టాలే ఉంటాయి. పైనుంచి తెరిచి శుభ్రం చెయ్యండి. లోపలి సీలింగు గుడ్డ మాత్రం ఊడదీయకండి. చాలా కార్లలో పక్క ఎయిర్‌బ్యాగులు దాని వెనకే ఉంటాయి.

చివరగా నూనె. టాప్ పంపులో నూనె తగ్గిందనిపిస్తే కారు పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే పోయండి. ఇంట్లో ఉంది కదా అని బ్రేక్ ఆయిల్ పోయకండి. రెండూ వేరు జాతులు, లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. బయటికి తీసిన పాత నూనెను ఇంటి ముందు నాలాలో పోయొద్దు. ఆ నాలా పోయి కలిసేది మూసీలోనే. సీసాలో పట్టి, మీరు సర్వీసు చేయించుకునే షాపులో పాత ఆయిల్ డ్రమ్ములో వెయ్యమని ఇవ్వండి.